మేడ మీది చెంచా చప్పుడు

ఆ వీధి చివర ఆకుపచ్చ గేటు ఇంటి గురించి ఎవర్ని కదిపినా ఒకటే మాట. పగలు ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండు, చీకటి పడేలోగా మాత్రం బయటపడు.

ఎందుకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెల్లచీర కట్టుకుని ఎవరూ తిరగరు. నిప్పు కనబడదు. ఉన్నదల్లా ఒక చప్పుడు. అందరూ పడుకున్నాక ఆ ఇంటి మేడ మీద, గిన్నె అంచు మీద చెంచాతో కొట్టినట్టు... టక్. కాసేపు ఆగి... టక్ టక్. మళ్ళీ టక్... టక్ టక్. పగలు వెళ్ళి చూస్తే ఏముంటుంది — మేడ గది తలుపుకి తాళం, కిటికీకి అడ్డంగా కొట్టేసిన చెక్కలు.

ఆ ఇల్లు ఒక డ్రిల్ టీచరమ్మది. పెళ్ళీ పెటాకులూ పెట్టుకోని మనిషి. పొద్దంతా స్కూల్లో పిల్లల్ని ఎండలో పరిగెత్తించి, సాయంత్రం ఇంటికొచ్చి తన నల్లకుక్కకి తిండి పెట్టేది. ఆ కుక్క పేరు బొగ్గు. ఆవిడ గుమ్మంలో నిలబడి గిన్నె మీద చెంచాతో టక్... టక్ టక్ అని కొడితే చాలు, ఏ సందులో ఉన్నా సరే చెవులు వెనక్కి పెట్టుకుని వచ్చి పడేదట. ఆ చప్పుడు విని వీధిలో ఆడవాళ్ళు, టీచరమ్మ వచ్చినట్టుంది, పొయ్యి వెలిగించాలి అనుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి ఒకరోజు పక్షవాతం వచ్చింది. ఒక పక్క చచ్చుబడిపోయింది, మాట పడిపోయింది. చూసుకోవడానికని తమ్ముడూ మరదలూ వచ్చి ఆ ఇంట్లో చేరారు. కొన్నాళ్ళకి, దూరంగా రోగుల్ని చూసుకునే హోమ్ ఏదో ఉంటే అందులో చేర్పించాం అన్నారు. ఇంకొన్నాళ్ళకి ఆవిడ పోయిందన్నారు. ఎవరన్నారు అంటే ఎవరూ చెప్పలేరు, గాలి కబురు. తమ్ముణ్ణి అడిగితే అవుననలేదు, కాదనలేదు... తల దించుకుని నిట్టూర్చాడు. దాంతో జనం మిగతాది తామే పూరించుకున్నారు.

ఆ తర్వాతే మేడ మీద చెంచా మోగడం మొదలైంది. పాపం, కుక్క మీద ప్రాణం పెట్టుకుని పోయింది, దాన్ని పిలుచుకుంటోంది అనుకున్నారు. అనుకుని ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు.

ఇక మన కథలో మనిషి. ఆవిణ్ణి అందరూ కుక్కలక్క అనేవాళ్ళు. వెక్కిరింతగా మొదలైన పేరే గానీ ఆవిడకి అది బిరుదులా ఉండేది. జనం ఊళ్ళకి వెళ్ళినప్పుడు వాళ్ళ కుక్కల్నీ పిల్లుల్నీ వాళ్ళిళ్ళలోనే మకాం వేసి చూసుకోవడం ఆవిడ పని. పిల్లి దొడ్డికెళ్ళిన మట్టి ఎత్తడం, ముసలి కుక్క కళ్ళలో చుక్కలు వెయ్యడం, మాత్రని ముద్దలో దాచి మింగించడం, వర్షంలో గొడుగు కుక్కకి పట్టి తను తడవడం. ఒంటి మీద చీర ఏ రంగైనా దాని మీద వెంట్రుకలు మాత్రం ఎవరివో ఉండేవి.

"నాకు జ్వరమొస్తే నుదురు ముట్టుకోలేదు గానీ, ఎవరిదో పిల్లి తుమ్మిందని ఆటో ఎక్కేశావు. నేనూ ఒక తోక తగిలించుకోవాల్సిందే" అనేవాడు మొగుడు. మనిషి హాస్యగాడు. ఈ కథంతా ఆయన నోటి నుంచి బయటికొచ్చిందే. కుక్కలక్క మాత్రం దీని గురించి ఈనాటికీ నోరు విప్పదు.

పనిలో ఆవిడకి కొన్ని పట్టుదలలున్నాయి. తిండి కొలిచి పెట్టాలి. గిన్నె ముందు కూర్చుని తినేదాకా చూడాలి. పొద్దున్నే అది ఎంత విసర్జించిందో, ఎలా విసర్జించిందో చూడాలి, లోపలికి పోయింది బయటికి రావాలి కదా. రాత్రి పడుకోబోయే ముందు యజమానికి వీడియో పంపాలి. నా చేతి కింద ఏ మూగజీవీ కడుపు మాడ్చుకోలేదు అని గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్పలో అబద్ధం లేదు.

టీచరమ్మ తమ్ముడు ఫోన్ చేసి పిలిచినప్పుడు ఆవిడ మారు మాట లేకుండా వెళ్ళింది.

ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. ఇల్లంతా దగ్గరుండి చూపించాడు. హాలు, వంటిల్లు, పెరడు. వంటింట్లో ఒక మూల గోనెపట్టా మీద బొగ్గు పడుకుని ఉంది. లేచి నిలబడితే డొక్కలు లెక్కపెట్టొచ్చు. కుక్కలక్క ప్రాణం ఉసూరుమంది.

"చిక్కి సగమైందండీ" అన్నాడాయన. "మా అక్క పోయిన... వెళ్ళినప్పటి నుంచీ ఇంతే. పెట్టింది గిన్నెలో ఉండదు, ఒంటికి మాత్రం పట్టదు. డాక్టరుతో మాట్లాడేశాను. మేం తిరిగొచ్చేసరికి కాస్త కండ పట్టిందా సరే... లేదంటే ఇంజెక్షనే. దాన్ని ఇలా హింస పెట్టడం నాకు చేతకాదు."

"అంత మాటనకండి సార్. నాకొదిలెయ్యండి."

"మేడ మీద పాత సామాను. తాళం వేసి ఉంది, అటు వెళ్ళాల్సిన పనే లేదు. పైపులు కూడా పాతవి. రాత్రుళ్ళు చప్పుడు చేస్తాయి. మీకంటే ముందు వచ్చినవాళ్ళు ఆ చప్పుడుకే జడుసుకున్నారు."

"చప్పుళ్ళకి జడిసేదాన్ని కాదు సార్" అంది కుక్కలక్క. బయట కారులో కూర్చున్న ఆయన భార్య ఒక్కసారి కూడా ఇటు తల తిప్పలేదు. కారు వెళ్ళిపోయింది.

సాయంత్రం బొగ్గుని తిప్పడానికి తీసుకెళితే వీధి మొదట్లో కొట్టు నడిపే పెద్దావిడ పలకరించింది. ఆవిణ్ణి చూసి బొగ్గు తోక ఊపింది — ఇద్దరూ పాత పరిచయస్తులే.

"ఆ ఇంట్లో పడుకుంటావా అమ్మాయ్?" అంది కొట్టావిడ గొంతు తగ్గించి.

"పని అదే కదా పిన్నీ."

"ముందొచ్చినవాళ్ళు పడుకోలేదు. ఒకావిడైతే మొదటి రాత్రే చెంచా మోత విని చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది నా కొట్టుకి. ఆ తర్వాత పగలు వచ్చేది, తిండి బస్తా మూతి విప్పేసి వదిలేది, ఫొటో తీసుకునేది, పోయేది. ఇంకొకతెదీ అదే తంతు."

కుక్కలక్కకి దెయ్యం మాట చెవికెక్కలేదు గానీ బస్తా మాటకి ఒళ్ళు మండింది. "బస్తా విప్పి వదిలేశారా? అందుకే కుక్క ఇలా తయారైంది. ఇలాంటి వాళ్ళ వల్లే మా పనికి చెడ్డపేరు" అంటూ విసురుగా వెనక్కి వచ్చేసింది.

ఆ రాత్రి బస్తాలోంచి కుక్కలకి పెట్టే ఎండు గింజల తిండి కొలిచి గిన్నెలో పోసింది. బొగ్గు వాసన చూసింది. తోక ఊపింది. తినలేదు. పక్కనే కూర్చుని ఎదురుచూస్తున్నట్టు మెట్ల వైపు చూస్తోంది.

హాల్లో సోఫా మీద నడుం వాల్చింది కుక్కలక్క. దీపం ఆర్పింది. ఇల్లు సద్దుమణిగింది...

టక్.

కళ్ళు తెరిచింది. పైపు, అనుకుంది.

టక్ టక్.

వంటింట్లో బొగ్గు లేచిన చప్పుడు. గిన్నెలో గింజలు కదిలిన చప్పుడు. తర్వాత గోళ్ళు... హాలు దాటి, సోఫా పక్క నుంచి, మెట్ల మీదికి... ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ. పైన కాసేపు ఏదో గీకినట్టు. మళ్ళీ దిగింది. మళ్ళీ గిన్నె. మళ్ళీ మెట్లు.

చప్పుళ్ళకి జడవనన్న మనిషి దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. తెల్లారి చూస్తే గిన్నె ఖాళీ. బొగ్గు డొక్కలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

రెండు రోజులు అదే వరస. గిన్నె ఖాళీ అవుతోంది గానీ పెరట్లో ఎత్తాల్సినంత ఏమీ ఉండటం లేదు. తిన్న కుక్క అయితే ఆ లక్షణం వేరు. ఆ సంగతి ఆవిడకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. తిండి కడుపులోకి పోవడం లేదు, ఎక్కడికో పోతోంది.

మిట్టమధ్యాహ్నం, ఎండ నిలువుగా పడుతుండగా, ధైర్యం చేసి మేడ మెట్లెక్కింది. పైన చిన్న నడవ. ఒకే తలుపు, పెద్ద తాళం. తలుపు కింది మూల చెక్క కొరికేసి ఉంది. కుక్క పళ్ళ గాట్లు, పాతవీ కొత్తవీ. చెయ్యి దూరేంత కంత. ఆ కంత ముందు ఒక్క గింజ పడి ఉంది.

వెనకే వచ్చిన బొగ్గు ఆ గింజని ముక్కుతో లోపలికి నెట్టింది. నెట్టి, తల పక్కకి వంచి ఆవిడ వైపు చూసింది.

కుక్కలక్కకి అంతా అర్థమైపోయింది. అర్థమైపోయిందనుకుంది. యజమానురాలు పోయిన కుక్కల్ని చాలా చూసింది ఆవిడ. చెప్పు కరుచుకుని పడుకునేవి, ఖాళీ మంచం దగ్గరికి బంతి తీసుకెళ్ళేవి. ఇది తన తిండి తీసుకొచ్చి టీచరమ్మ గదిలో పెడుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేని మనిషికి పెడుతున్నావట్రా పిచ్చి నాయనా" అంది బొగ్గు తల నిమురుతూ, పైకే, కొంచెం గట్టిగానే.

లోపల... తలుపుకి అవతల, చాలా దగ్గర్లో...

టక్.

ఒకే ఒక్కసారి. పట్టపగలు.

కుక్కలక్క ఎలా కిందికి వచ్చిందో ఆవిడకే తెలీదు. గేటు బయట నిలబడి మొగుడికి ఫోన్ చేసింది. ఆయన కూడా ఈసారి తోక మాట ఎత్తలేదు.

"వచ్చెయ్. ఆ పని మనకొద్దు" అన్నాడు.

"నేనొస్తే దీనికి ఇంజెక్షన్ ఇచ్చేస్తారండీ."

"మరి ఆ పైనున్నదో?"

"దెయ్యం సంగతి దెయ్యం చూసుకుంటుంది. నాకు కుక్క ముఖ్యం" అంది.

ఆవిడ పద్ధతి మొదలుపెట్టింది. తిండి మోసుకుపోయి దాచే కుక్కలకి ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసేది అదే. తలుపు వేసి పెట్టడం. తిన్నా తినకపోయినా కాసేపటికి గిన్నె తీసెయ్యడం. తలుపు అవతలికి ఒక్క గింజ పోనివ్వకపోవడం. నాలుగు రోజులు మారాం చేస్తుంది, ఆకలి ఆగలేక దారికొస్తుంది. ఎన్ని కుక్కల్ని మార్చిందో ఆవిడ అలా.

పొద్దుపోగానే వంటింట్లో చాప పరుచుకుంది. బొగ్గుని లోపలికి పిలిచి తలుపు గడియ వేసింది. పగలు తిప్పేటప్పుడు తప్ప దాన్ని ఆ గది దాటనివ్వలేదు.

మొదటి రాత్రి టక్... టక్ టక్ మొదలవగానే బొగ్గు నోటినిండా గింజలు పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు. తిరిగి చూసింది. గింజలు కింద పెట్టి, ముందుకాళ్ళతో తలుపు గీకింది. పైన చెంచా ఆగలేదు. గీకీ గీకీ, అది ఏడవడం మొదలుపెట్టింది. కుక్కలక్క దాన్ని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

"వద్దు నాన్నా... ఆవిడ లేదు. పోయింది. నువ్వుండాలి" అని చెవిలో గుసగుసగా చెప్పింది.

రెండో రాత్రి చెంచా గబగబా మోగింది. వరస తప్పి, ఆగకుండా, కోపమొచ్చినట్టు. తర్వాత నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడు... ఇక్కడి నుంచి అక్కడికి. సరిగ్గా వంటింటి నెత్తి మీద ఆగింది. అక్కడ దబ్... దబ్ అని గచ్చు మీద మోదింది. కుక్కలక్క చెవుల్లో దూది పెట్టుకుంది. బొగ్గుకి వినబడకూడదని ఫోన్‌లో పాటలు పెట్టి గట్టిగా మోగించింది. పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే సందులో... దబ్.

యజమాని రోజూ రాత్రి ఫోన్ చేసేవాడు. కుక్క ఎలా ఉంది అని అడిగేవాడు. పెట్టేసే ముందు, మరిచిపోయినట్టు ఆగి, ఒక మాట అడిగేవాడు.

"పైపుల చప్పుడు ఎలా ఉంది?"

మంచివాడు, నేను భయపడుతున్నానేమోనని కనుక్కుంటున్నాడు అనుకుంది ఆవిడ. "ఉంది సార్. పర్వాలేదు, అలవాటైపోయింది" అంది.

"అయితే మేం ఇంకొన్నాళ్ళు ఆగుతాం. మీకేం ఇబ్బంది లేదుగా?"

"లేదు సార్. మీరు నెమ్మదిగా రండి, ఈలోగా దీన్ని మనిషిని చేస్తాను" అని నవ్వింది.

వారం గడిచింది. బొగ్గు తలుపు గీకడం మానేసింది. గిన్నె దగ్గర కూర్చుని, పైకి చూసి, కిందికి చూసి, దొంగతనం చేస్తున్నట్టు ఒక గింజ నమిలేది. ఆ తర్వాత రెండు. పైన చెంచా పలచబడింది. టక్... చాలాసేపటికి టక్. ఒక రాత్రి ఒక్కసారే. కుక్కలక్క సంబరానికి అంతు లేదు. కుక్కకి బుద్ధి వస్తున్నకొద్దీ దెయ్యానికీ బుద్ధి వస్తోంది అనుకుంది.

"పైపుల చప్పుడు ఎలా ఉంది?"

"తగ్గుతోంది సార్."

"మంచిది" అన్నాడాయన. అవతల ఎవరితోనో మెల్లగా ఏదో అనడం వినబడింది.

చివరికి ఒక రాత్రి పైన ఏ చప్పుడూ లేదు. చెవుల్లో దూది తీసేసి మరీ విన్నది. ఏమీ లేదు. మర్నాడు రాత్రీ లేదు. ఆ రాత్రే బొగ్గు గిన్నె నిండా ఉన్న తిండి, తలెత్తకుండా, చివరి గింజ దాకా తినేసి గిన్నె నాకింది. కుక్కలక్క వీడియో తీస్తూ ఏడ్చింది. డొక్కల మీద కాస్త మెత్తదనం చేతికి తగులుతోంది. ఇక దీనికి సూది పడదు. ఆవిడ పైకప్పు వైపు చూసి చేతులు జోడించింది.

"నీ కుక్కని నేను చూసుకుంటానమ్మా. నువ్వు సుఖంగా వెళ్ళు" అంది.

వీడియో పంపి, కింద రాసింది: పైపుల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది సార్.

వెంటనే జవాబొచ్చింది. చాలా మంచి కబురు. రేపే బయల్దేరుతున్నాం.

మర్నాడు రాత్రి ఆవిడ వంటింటి తలుపు బార్లా తెరిచింది. జబ్బు తగ్గిన పిల్లాడికి పత్యం విడిచినట్టు అనుకోండి. ఇవాళ నీ ఇష్టంరా, ఇల్లంతా నీదే అంది. గిన్నెలో ఇంకాస్త ఎక్కువే పోసింది.

బొగ్గు గిన్నె వైపు చూసింది. తెరిచిన తలుపు వైపు చూసింది. నోటినిండా గింజలు నింపుకుని, ఒక్క గింజా నమలకుండా, పరుగున మెట్లెక్కింది.

"మళ్ళీ మొదలెట్టావా" అనుకుంటూ కుక్కలక్క వెనకే వెళ్ళింది. ఇప్పుడు భయం లేదు. వెళ్ళిపోయిందిగా ఆవిడ. వీలైతే ఒక ఫొటో తీద్దాం అని ఫోన్ లైటు వేసింది. మెట్ల మీద ఏదో వాసన... ఎలుకేదో చచ్చినట్టుంది అనుకుంది.

నడవలో బొగ్గు కంత ముందు పొట్ట నేలకి ఆనించి పడుకుని ఉంది. నోట్లోంచి ఒక గింజ తీసి కంతలో పెట్టింది. తల వంచి చూసింది. ఇంకో గింజ పెట్టింది. ఆగింది. చిన్నగా మూలిగింది. ఎప్పుడూ జరిగేదేదో ఇవాళ జరగడం లేదన్నట్టు, కాలు లోపలికి పెట్టి మెల్లగా గీకింది.

కంతలోంచి ఒక చెంచా దొర్లుకుంటూ బయటికి వచ్చింది. స్టీలు చెంచా. అంచంతా సొట్టలు.

కుక్కలక్క వంగింది. లైటు కంతలోకి పెట్టింది.

లోపల, తలుపుని ఆనుకుని, నేల మీద ఒక చెయ్యి ఉంది. సన్నగా, ఎముకలకి తోలు కప్పినట్టు. వెల్లకిలా తెరిచిన అరచెయ్యి. అరచేతిలో గింజలు... బొగ్గు ఇంకొకటి తెచ్చి వాటి మీద పెట్టింది. వేళ్ళని నాకింది.

వేళ్ళు ముడుచుకోలేదు.

తలుపు పగలగొట్టిన వాళ్ళు తర్వాత చెప్పారు. లోపల గచ్చు మీద చాప, మూలన కుళాయి. నీళ్ళున్నాయి, తిండే లేదు. ఖాళీ రొట్టె కాగితాలు, ఒక స్టీలు గిన్నె. హోమూ లేదు, ఏమీ లేదు. టీచరమ్మ ఆ గది దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. తమ్ముడు ఇదివరకు కూడా ఇలాగే నాలుగు రొట్టెలు పడేసి, తాళం వేసి, భార్యతో ఊళ్ళు తిరగడానికి వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ వచ్చి తలుపు తీస్తే ఆవిడ బతికే ఉండేది. అదెలాగో ఆయనకి అంతు పట్టలేదు. బస్తా మూతి విప్పి పారేసి పోయిన ఆ ఒళ్ళొంచని వాళ్ళ పుణ్యమది. బుద్ధిగా తలుపు వేసి, కొలిచి పెట్టే మనిషి వచ్చేదాకా ఆవిడ బతికింది.

పోలీసులు అడిగితే తమ్ముడు అదే మెత్తటి గొంతుతో, ఇంట్లో మనిషిని పెట్టే వెళ్ళాం కదండీ, ఆవిడ రోజూ అంతా బాగుందనే చెప్పింది అన్నాడట. కేసు నడుస్తోంది. నడుస్తూనే ఉంటుంది.

కుక్కలక్క సంచీ సర్దుకుని ఆ వీధిలోంచి వెళ్ళిపోతుంటే కొట్టావిడ ఎదురొచ్చింది.

"అన్ని రాత్రులు విన్నావు కదే అమ్మాయ్" అంది. "ఎవరు అని ఒక్కసారి అడగలేకపోయావా?"

కుక్కలక్క ఆగింది. "మీరు ఎన్నాళ్ళ నుంచి విన్నారు పిన్నీ?" అంది.

కొట్టావిడ కొట్టులోకి వెళ్ళిపోయింది.

బొగ్గు ఇప్పుడు కుక్కలక్క ఇంట్లోనే ఉంది. నున్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. ఎవరూ దానికి సూది వెయ్యలేదు. ఆవిడ పట్టుపట్టింది సాధించింది. ఇంకొకళ్ళ కుక్కల్ని చూసుకునే పని మాత్రం మానేసింది.

రాత్రి ఆవిడ మంచం మీద పడుకుంటుంది. చెయ్యి కిందికి వేలాడుతుంటుంది. ఇల్లు సద్దుమణిగాక బొగ్గు తన గిన్నె దగ్గర్నుంచి ఒక గింజ నోట కరుచుకొచ్చి ఆ అరచేతిలో పెడుతుంది. పెట్టి, తల వంచి, చూస్తూ నిలబడుతుంది. ఎంతసేపైనా సరే కదలదు. ఆవిడ ఆ గింజ నోట్లో వేసుకుని నమిలి మింగితే గానీ కదలదు. ఆవిడ మింగుతుంది. అది ఇంకొకటి తెస్తుంది.

మొగుడు చెప్పిన చివరి మాట ఇది. చెప్పేటప్పుడు ఆ హాస్యగాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక రాత్రి ఆవిడకి విసుగు పుట్టి, ఇక చాల్రా నాయనా అని చెయ్యి మూసి దుప్పట్లోకి లాక్కుందట. బొగ్గు చాలాసేపు నిలబడింది. తర్వాత మంచం కింద పడుకుంది. ఇద్దరూ నిద్రపోయారు.

ఎంతసేపటికో వంటింట్లో చప్పుడైంది. ఆయన పక్కకి తిరిగి చూశాడు. భార్య పక్కనే ఉంది, కళ్ళు తెరుచుకుని. బొగ్గు మంచం కిందే ఉంది, చెవులు నిక్కబొడుచుకుని. ఇంట్లో నాలుగో ప్రాణి లేదు. ఆ సొట్టల చెంచా పోలీసుల దగ్గర ఉంది.

టక్... టక్ టక్.

అప్పట్నించీ ఆవిడ చెయ్యి తెరిచే పడుకుంటుంది.